మసి అంటని మార్కండేయుడు

కోపం వస్తే అందరి గొంతూ పెరుగుతుంది. కళ గొంతు తగ్గుతుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఆమె గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టగానే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతారు. సోమవారం పొద్దున భివండీ కనేరిలో, కాలిపోయిన దత్తాత్రి సేఠ్ కార్ఖానా గుమ్మంలో నిలబడి ఆమె అడిగిన మొదటి ప్రశ్న పక్కనున్న కానిస్టేబుల్‌కు వినపడనే లేదు.

“అంకుశం దొంగ అని ఎవరు రాసిన్రు?”

“నేనే రాసిన, కళ తాయీ,” అన్నాడు సబ్-ఇన్‌స్పెక్టర్ స్వప్నిల్. “రాయొద్దా? బంద్ ఉన్న కార్ఖానాల ఎనుక కిటికీకెళ్ళి దూరినోణ్ణి చోర్ అనక ఏమంటరు? పాహుణా, సుట్టం అంటరా?”

స్వప్నిల్‌ది తెలుగిల్లే. తాత సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ మగ్గాలు నడిపినవాడు. మనవడు మరాఠీ బడిలో చదివి పోలీసయ్యాడు, అక్కను తాయీ అంటాడు. ముప్పై నిండకముందే కేసులు తేల్చేస్తున్నానన్న ధీమా ముఖం నిండా ఉంటుంది. అలా తేల్చిన వాటిలో రెండు కేసులను కళ కోర్టులో తిరగేసింది. అప్పటినుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

జరిగింది ఇదీ. శుక్రవారం వారపు సెలవు. కనేరిలో మరమగ్గాలన్నీ బంద్, కార్ఖానాకు కరెంటు బంద్. దత్తాత్రి కార్ఖానా తలుపుకు బయట తాళం ఉంది. సాయంత్రం నాలుగింటికి పొగ లేచింది. పక్కవాళ్ళు తాళం పగలగొట్టి తలుపు తీస్తే, గడపకు లోపలే ఆ కార్ఖానాలో మగ్గాలు నడిపే కూలీ అంకుశం బోర్లా పడి ఉన్నాడు. సగం ఒళ్ళు కాలింది. సర్కారు దవాఖానలో ఇప్పటికీ స్పృహ లేదు. రాగి తీగ దొంగతనానికి వచ్చి బీడీ ముట్టించాడనీ, నూలు దుమ్ముకు నిప్పంటుకుందనీ పోలీసులు రాసుకున్నారు. పోలీసుల కథ ఎప్పుడూ పేదవాడి నోట్లో బీడీతోనే మొదలవుతుంది. బతికితే జైలు, పోతే దొంగ చావు.

అంకుశం భార్య చంద్రవ్వ శనివారమే వచ్చి కళ కాళ్ళ మీద పడింది. అదే సాయంత్రం ఇన్సూరెన్స్ కంపెనీ కూడా ఇదే మంట మీద విచారణ చేయమని కళ డిటెక్టివ్ ఏజెన్సీకి ఉత్తరం పంపింది. కంపెనీ ఉత్తరం ఉంది కాబట్టే స్వప్నిల్ ఆమెను లోపలికి రానిచ్చాడు. చంద్రవ్వ కన్నీళ్ళు ఉన్నాయి కాబట్టే ఆమె వచ్చింది.

“అంకుశం బీడీ తాగడు. తంబాకు నములుతడు,” అంది కళ.

“దొరికినోళ్ళందరి పెండ్లాలు గట్లనే చెప్తరు.”

కళ లోపలికి నడిచింది. ఎనిమిది మగ్గాలు. భివండీ తెలుగువాళ్ళు వాటిని సాంచాలంటారు. వెనక కిటికీకి పైన చెక్క అటక ఉండేది. అందులో సగం కిటికీకి అడ్డంగా కూలిపోయింది. కూలిన చోట ఇనుప పెట్టె ఒకటి నోరు తెరుచుకుని పడి ఉంది. లోపల గుప్పెడు బూడిద. కళ మోకాళ్ళ మీద కూర్చుని అటక దూలాన్ని గోటితో గీకి వాసన చూసింది.

“కిరసనాయిల్. మంట పైనుంచి కిందికి దిగింది స్వప్నిల్. బీడీ అటక మీదికి ఎగిరి, పెట్టె మూత తీసుకొని లోపలికి పోయిందా?”

“పైన గూడ ఎక్కి ఉంటడు. రాగి కోసం ఎతికిండు.”

“సరే. ఇటు రా.” ఆమె తలుపు పక్క గోడ చూపించింది. నల్లటి గోడకు ఒక మేకు. “ఇక్కడ ఏముండె?”

“మార్కండేయ మహర్షి పటం. పద్మశాలీల కార్ఖానాలల్ల సగళీకడే, అంతట ఉంటది. మా తాత కార్ఖానాల గూడ ఉండె.”

“మంటలప్పుడు పటం గోడకే ఉండి, తర్వాత తీస్తే గోడ ఎట్ల కనపడుతది?”

స్వప్నిల్ గోడ వైపు చూశాడు. జవాబు అతనికి తెలుసు. పదిహేనేళ్ళు మంటల వెంట తిరిగిన కళ ఇలాంటి గోడలు ఎన్నో చూసింది. పటం ఉన్నంత మేర గోడ తెల్లగా మిగలాలి. ఇక్కడ మేకు చుట్టూ, మేకు కిందా ఒకే నలుపు.

“అంటే మంటకు ముందే పటం తీసిన్రు,” అన్నాడు అయిష్టంగా.

“ఇగ నాడెలు సూడు. సాంచల నూలు పట్టుకొని అటు ఇటు ఉరికేటియి, ఒక్కటన్న ఉన్నదా? కట్టె కాలిపోయినా రెండు కొసల ఇనుప మొనలు మిగలాలె. బూడిదంతా ఎతికిన. ఒక్క మొన లేదు.”

“చోరీ పోయినయి. అదే గదా నేనంటున్నది!”

“ఎత్తుకపోయినోడు లోపల కాలుతుంటే, ఎత్తుకపోయిన సొమ్ము బయటికి ఎట్ల పోయింది? నడుసుకుంట పోయిందా?”

కానిస్టేబుల్ నవ్వబోయి స్వప్నిల్ ముఖం చూసి దగ్గాడు. స్వప్నిల్ చెవులు ఎర్రబడ్డాయి.

“తాయీ, నువ్వు ఇన్సూరెన్స్ పని సూస్కో. నా ఎఫ్ఐఆర్ దిద్దనీకె నిన్నెవరూ పిలవలే. సేఠ్ ఇజ్జత్‌గల మనిషి. సంఘంల పెద్ద. ఆయన మీద ఒక్క మాట అన్నవంటే బాగుండదు.”

“నేను సేఠ్ పేరే తియ్యలే గదా. నీకెందుకు యాదికొచ్చిండు?”

కళ పుట్టింట్లో నాడెకు పొరపాటున కాలు తగిలితే వంగి, దాన్ని తాకి కళ్ళకద్దుకునేవారు. నాగావ్‌లో వేరేవాళ్ళ మగ్గాల మీద బతుకంతా కూలి చేసిన ఆమె తండ్రి, పాడైపోయిన నాడెను కూడా పొయ్యిలో పెట్టనిచ్చేవాడు కాదు. బయటివాడు ఎవడైనా అయితే కిరసనాయిల్ పోసి, అగ్గిపుల్ల గీసి, తన దారిన తను పోతాడు. ముందు దేవుణ్ణి గోడ మీంచి దించి, సాంచ సాంచకూ తిరిగి నాడెలు ఏరి, భద్రం చేసి, ఆ తర్వాత నిప్పు పెట్టేవాడు మనవాడే. ఆ ఆలోచన రాగానే కళకు ఒళ్ళు మండిపోయింది. పరాయివాడు చేసి ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

దత్తాత్రి సేఠ్ ఎదురుగదిలో కూర్చుని ఉన్నాడు. బట్ట తానులు మడతపెట్టే గది అది. అరవైకి దగ్గర పడిన మనిషి, తెల్ల లాల్చీ, నుదుట కుంకుమ. బల్ల మీద మార్కండేయుడి పటం, ముందు అగరొత్తి. మూల గోనెసంచిలోంచి నాడెల కొసలు కనిపిస్తున్నాయి. దాచిపెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు ఆ పెద్దమనిషికి. దేవుడి వస్తువులు దాచేవాడెవడు?

“రా బిడ్డా, కూసో. మీ నాయిన మంచి పనోడుండె,” అన్నాడు. “కంపెనీ పైసలు జల్ది ఇప్పియ్యి. ఎనిమిది సాంచాలు బుగ్గయిపోయినయి.”

“అంకుశం గురించి అడగవా కాకా?”

“ఏమడగాలె బిడ్డా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టిండు. అయినా పాపం, బతకాలనే మొక్కుతున్న.”

“ఈ పటం బయటికి ఎట్ల వచ్చింది?”

దత్తాత్రి ఛాతీ కొంచెం పొంగింది. “నేనే తెచ్చిన. పొగ సూసి ఉరికొచ్చిన. జనం తాళం పలగ్గొట్టంగనే ప్రాణానికి తెగించి లోపలికి దుంకిన. దేవుడు కాలుతుంటే సూస్కుంట నిలవడ్తమా?”

“నాడెలు గూడ అప్పుడే తెచ్చినవా?”

“ఎనిమిదిటికి ఎనిమిది. దాని మీద బతికినోళ్ళం గదా.”

స్వప్నిల్ కళ వైపు గెలిచినట్టు చూశాడు. కళ అతని వైపు చూడలేదు. ఆమె గొంతు ఇంకా తగ్గింది.

“తలుపు తీయంగనే గడప లోపలనే అంకుశం పడి ఉన్నడని పక్కోళ్ళందరు చెప్పిన్రు. నువ్వు వాణ్ణి దాటి పోయినవా కాకా, తొక్కి పోయినవా?”

దత్తాత్రి అగరొత్తి సరిచేయబోయాడు.

“మనిషి కాలుతుంటే ఇడిసిపెట్టి, ఒక్కొక్క సాంచ కాడ నిలవడి, ఎనిమిది కట్టెముక్కలు ఏరుకొచ్చినవా?”

“పొగల కనపడలే...”

“మనిషి కనపడలే. నాడెలు కనపడ్డయి.” ఆమె పటం అద్దం మీద చూపుడువేలు గట్టిగా రాసి, ఆ వేలు స్వప్నిల్ ముక్కు కిందికి తెచ్చింది. వేలు శుభ్రంగా ఉంది. తర్వాత సంచిలోంచి ఒక నాడె తీసి, ముందు కళ్ళకద్దుకుని, అందులోని కండెను బయటికి లాగింది. కండె మీద నూలు మల్లెపూవంత తెల్లగా ఉంది. “మంటల్ల దుంకి తెచ్చిన నూలా ఇది? ఒక్క మిణుగురు పడితే భగ్గుమనే నూలు? దేవునికి మసి అంటలే, నూలుకు పొగ అంటలే, నీ లాల్చీకి మరక అంటలే. అంకుశం మీదనే అన్ని అంటినయా?”

“కాకా, జెర చెప్పున్రి,” అన్నాడు స్వప్నిల్. అతని గొంతులో ధీమా పోయింది.

“మంటల్ల తెచ్చిన అంటే మనిషిని దాటిపోయినోనివి. ముందే తెచ్చిన అంటే కొంప కాలవెట్టినోనివి. ఏది రాసుకోవాలె సేఠ్?” అంది కళ.

కాకా పోయి సేఠ్ వచ్చింది. ఆ పిలుపు మారగానే దత్తాత్రి తల కిందికి వాలింది. పటం వైపు చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

“లోపల ఎవరు లేరనుకున్న బిడ్డా. శుక్కురారం ఎవరుంటరు? దేవుని మీద ఒట్టు.”

“దేవుణ్ణి ముందే బయట పెట్టినవ్ గదా, ఆయనకేం తెలుస్తది? ఆ పెట్టెల ఏమున్నయ్?”

చెప్పాడు. మొదట తడబడుతూ, తర్వాత గండిపడిన కాలువలా. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అతని తాత బొంబాయి ఓడరేవులో ముకద్దం. ఊళ్ళ నుంచి తెలుగు కూలీలను తీసుకొచ్చి రేవులో పనికి పెట్టేవాడు. యుద్ధకాలం కాబట్టి ఫోటో, వేలిముద్ర, సర్కారు ముద్ర ఉన్న గుర్తింపు పాసు లేనిదే ఎవణ్ణీ గేటు దాటనిచ్చేవారు కాదు. కూలీలు ఇంకో ముకద్దం దగ్గరికి జారుకోకుండా, గేటు దాటగానే ఆయన పాసులన్నీ తీసుకుని తన పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. పందొమ్మిదివందల నలభై నాలుగులో మందుగుండు ఓడ అంటుకుని రేవు పేలిపోయింది. ఆ ముఠాలో నలభై మంది దాకా పోయారు. మనుషుల ఒంటి మీద పాసుల్లేవు. పాసులున్న పెట్టె మాత్రం ముకద్దం ఇంట్లో భద్రంగా మిగిలింది.

“ఇండ్లళ్ళ చెప్పలేదా?” అడిగింది కళ.

“చెప్పలే. చెప్తే పాసులు నీ దగ్గర ఎందుకున్నయని అడుగుతరు. పారిపోయిన్రని చెప్పిండట.”

కళకు చంద్రవ్వ మాటలు గుర్తొచ్చాయి. అంకుశం తాత మొండయ్య బొంబాయిలో వేరే ఆడదాన్ని పెట్టుకుని పెళ్ళాం పిల్లల్ని వదిలేశాడని ఊరంతా ఎనభై ఏళ్ళుగా చెప్పుకుంటోంది. ‘లేచిపోయినోని మనుమడు’ అనిపించుకునే అంకుశం పెరిగాడు. మొన్న అటక దులుపుతుంటే పెట్టె తెరుచుకుని, పాసు మీది తాత ఫోటోలోంచి తన ముఖమే తనవైపు చూసిందట. ఎనభై ఏళ్ళ నింద తుడిచే కాగితం అది. ఆ కాగితానికి వెల కట్టారు ఈ పెద్దమనుషులు.

చంద్రవ్వ చెప్పిన పాసు లాంటివాటి కోసం నిన్న వెతికి పట్టుకున్న పేజీ ఒకటి కళ ఫోన్ తీసి చూపించింది. పాత కాగితాలు సేకరించేవాళ్ళు అమ్ముకునే సైటు. ఓ రేవు పాసు ఫోటో, కింద ‘ప్రపంచంలో మిగిలినది ఇదొక్కటే’ అన్న వాక్యం. “అమ్మేటోడు పంకజ్. కాల్హేర్‌ల గోదాం. శుక్రవారం రెండింటికి పెట్టిండు. ఇక్కడ పొగ లేసింది నాలుగింటికి. మిగిలినయి కాలకముందే ఒక్కటే మిగిలిందని వానికెట్ల తెలిసింది సేఠ్?”

దత్తాత్రి పళ్ళు కొరుక్కున్నాడు. “మొదలు నేనే ఒకటి ఇచ్చిన. విదేశపోడు ఎనిమిది లక్షలకు అడిగిండట. రేవుల ఉన్న పాసులన్ని రేవుతోనే కాలినయి గదా, దొరకవట. నా బుద్ధి గడ్డి తిని పెట్టె ఫోటో గూడ పంపిన. నలభై ఉన్నయని తెలవంగనే వాడు వేలల్లకు దిగిండు. ఒక్కటుంటే బంగారం, నలభై ఉంటే రద్దీ, చిత్తుకాయిదం అన్నడు పంకజ్.”

“అయితే ఇంట్ల పొయ్యిల కాలవెట్టుకోకపోయినవా? కార్ఖానా ఎందుకు?”

“పొయ్యిల కాలిస్తే ఎవడు నమ్ముతడు? పేపర్ల రావాలె, పోలీస్ కేసు కావాలె అన్నడు. కొనేటోనికి సబూత్ చూపెట్టాలె గదా. సాంచాలు పాతయైనయి, కంపెనీ పైసలు గూడ వస్తయన్నడు.”

స్వప్నిల్ చేతిలో ఉన్న ఎఫ్ఐఆర్ కాగితం వైపు చూసుకున్నాడు. పంకజ్‌కు కావలసిన సబూత్ తన సొంత చేతిరాతలో ఉంది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కళ లేచి నిలబడింది. ఇంకో ప్రశ్న మిగిలింది. అడగాలంటే ఆమెకే భయమేసింది, కానీ అడిగింది.

“శుక్రవారం సాంచాలు బంద్. మిగతా రోజులల్ల పక్కోడు ఒర్రినా ఇనపడదు. ఆ రోజు చీమ కదిలినా ఇనపడుతది. తాళం ఏసి నువ్వెంతసేపు నిలవడ్డవ్?”

దత్తాత్రి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

“ఇన్న బిడ్డా. సేఠ్, సేఠ్ అని పిలిసిండు. తలుపు కొట్టిండు. తాళం చావి నా చేతులనే ఉండె. తీస్తే అంత బయటపడుతది... చెయ్యి ఆడలే.”

కళ చెయ్యి లేచింది. ఆ పెద్దరికం చెంప మీద పడవలసిన దెబ్బను మధ్యలో స్వప్నిల్ పట్టుకున్నాడు. “వద్దు తాయీ. నేను రాసుకుంట. నా చేతితోనే మళ్ళ రాస్త,” అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. కళ చెయ్యి విడిపించుకుంది. పరువు అనే మాట ఇంకెవడైనా తన ముందు ఎత్తితే వాడి నాలుక పీకేయాలన్నంత కోపంగా ఉంది.

“వాడు దొంగతనానికి రాలే,” అన్నాడు దత్తాత్రి, ఎవరూ అడగకుండానే. “మొండయ్య పాసు వాడు గురువారమే తీస్కపోయిండు. నేను కిరసనాయిల్ పోసేటప్పుడు సూసిన, పైనుండేది లేకుండె. శుక్కురారం మిగిలినోళ్ళయి తీస్కపోనీకె వచ్చి, నా అలికిడికి సాంచాల ఎనుక దాగినట్టుండు. ఈ కనేరిల, నాగావ్‌ల ఉన్నరు గదా, ఆ ఇండ్లోళ్ళు.”

కళ మెల్లగా వెనక్కి తిరిగింది.

“అంటే ఇంకో పాసు ఉన్నది. ఆ సంగతి పంకజ్‌కు తెలుసా?”

“నిన్న ఫోన్‌ల చెప్పిన. అంకుశం తాన ఉన్నదేమో అని. నేను సూస్కుంట అన్నడు.”

“స్వప్నిల్, దవాఖానల కాపలా ఎవరు?”

స్వప్నిల్ ముఖం పాలిపోయింది. “స్పృహ లేనోడు యాడికి పోతడని... నిన్న ఎత్తేసిన తాయీ.”

కళ అప్పటికే చంద్రవ్వకు ఫోన్ చేసింది. నాలుగుసార్లు మోగాక ఎత్తింది. వెనక బండ్ల హారన్లు వినిపిస్తున్నాయి. చంద్రవ్వ గొంతులో మూడు రోజుల తర్వాత మొదటిసారి ఏడుపు లేదు.

“అక్కా, నేనే చేద్దామనుకుంటున్న. దేవుడసొంటి మనిషి దొరికిండు. పైసా వద్దన్నడు. పెద్ద దవాఖానల సూపిస్త అని అంబులెన్స్ తెచ్చి మా ఆయన్ను తీస్కపోయిండు. ఇప్పుడే.”

“నువ్వు బండిల లేవా?”

“నన్ను ఎక్కనియ్యలే. ఆటోల ఎనుక రమ్మన్నరు. మంది ఎక్కువుంటే పేషెంటుకు గాలాడదట.”

“చంద్రవ్వా, అంకుశం గురువారం నీకేమన్న ఇచ్చిండా? పాత కార్డు?”

“తాత పాసా? ఇచ్చిండు అక్కా. కొంగుల కట్టుకున్న. వాళ్ళు పేషెంటు గుర్తింపు కార్డు కావాలన్నరు. ఆధార్ మంటల్లనే కాలిపాయె. ఇగ అదే ఇచ్చిన. మనుమడు తాత ఒక్క తీరే ఉంటరు గదా, సర్కారు ముద్ర గూడ ఉన్నది. సూసి శాన సంబురపడ్డడు ఆ సారు.”

స్వప్నిల్ జీపు తాళాలు తీసుకుని గుమ్మం దాటి పరుగెత్తుతున్నాడు. కళ గొంతు ఇంకా తగ్గడానికి వీల్లేనంత తగ్గింది.

“ఏ దవాఖానకు రమ్మన్నరు చంద్రవ్వా?”

హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆటోవాడు ‘కిధర్ జానా హై?’ అని, ఎటు పోవాలో రెండోసారి అడగడం ఫోన్లోంచి వినిపించింది.

“కార్డు తీస్కున్నరు గని... దవాఖాన పేరు చెప్పలేదక్కా.”